మైకు సెట్టు మామయ్య ఉత్తరం

ఎర్రుపాలెం,
ఆదివారం, రాత్రి 11 గంటలు.

చిరంజీవి అల్లుడికి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. నీ క్షేమం మొన్న ఫోనులో గంటసేపు విన్నాను కాబట్టి మళ్ళీ అడగను.

నువ్వడిగినదానికి ఆ రోజే జవాబు చెప్పేవాణ్ణి. సరిగ్గా అప్పుడే కాజీపేట వైపు గూడ్సు పోతూ ఉంటే నా మాట నీకు, నీ మాట నాకు వినపడక ‘ఆఁ, ఆఁ’ అనుకోవడంతోనే సరిపోయింది. అందుకే కాగితం పట్టుకున్నా. మా చిన్నప్పుడు ఇక్కడ ‘డాక్’ అంటే టపాయే. ఇప్పుడు డాక్ గురించి డాక్‌లో రాస్తున్నా.

2020 సంక్రాంతికి నువ్వు బట్టల మధ్య చుట్టి తెచ్చిచ్చిన ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డాక్, అదే, అంకెల పాటని హెడ్‌ఫోనుకి సౌండుగా మార్చే పెట్టె, నా బల్ల మీదే ఉంది. ‘నీకు బొమ్మ మామయ్యా, ఆడుకో’ అన్నావు. ఆ మార్చిలోనే కరోనా వచ్చింది. పెళ్ళి లేదు, జాతర లేదు, మైకు సెట్టు కావాలని అడిగేవాడు లేడు. వెనకటికి ఆంప్లిఫయరు సర్క్యూట్ బొమ్మ ముందేసుకుని కూర్చున్నట్టే, ఆ జర్మనీవాళ్ళ మాన్యువల్ ముందేసుకుని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివా. ఇప్పుడు నువ్వూ అలాంటిదే కొనుక్కుని ‘నువ్వెలా పెట్టుకున్నావు మామయ్యా’ అని నన్నే అడుగుతున్నావు. ఇచ్చిన బొమ్మ ఊరికే పోలేదన్నమాట.

ముందు నువ్వన్న మాట ఒకటి తేల్చాలి. ‘పాత డాంగిల్ పీకి ఇది పెట్టగానే తెర తీసినట్టయింది’ అన్నావు. తీసే ఉంటుంది. కానీ రెంటినీ ఏ సౌండు మీద విన్నావు?

శ్రీరామనవమికి ఈ చుట్టుపక్కల రెండు పందిళ్ళు పడితే రెండు మైకు సెట్లు దిగేవి. నావి నాలుగు హారన్లు, అవతలివాడివి ఆరు. నా సెట్టులో పంతులుగారి మంత్రం మాట మాటా వినపడేది. అవతలిది ఊరవతలి దాకా మోగేది, ఏం చదువుతున్నారో మాత్రం రాముడికే తెలియాలి. మరుసటేడు బయానా ఎవరికిచ్చారనుకున్నావు? ఆరు హారన్లవాడికే. ‘ఆయన సౌండు బాగుంటదండీ’ అన్నారు. రోషమొచ్చి నేను ఎనిమిది కట్టా. బయానా తిరిగొచ్చింది. ఎడమ చెవి మాత్రం ఆ ఎనిమిదింటికే పోయింది, అది తరవాత చెప్తా.

చెవి గుణమే అంత. రెండు సౌండ్లలో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అది ‘గట్టిగా ఉంది’ అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది. గాత్రం ముందుకొచ్చినట్టు, తంబుర విడిగా వినపడినట్టు, తెర తీసినట్టు ఉంటుంది. నీ ఫోను డాంగిల్ మహా అయితే ఒక వోల్టు ఇస్తుంది. ఈ పెట్టె పెద్ద జాకులోంచి హై పవర్‌లో దాదాపు 10 వోల్టులు ఇవ్వగలదు. రెండూ సమానమైన సౌండుతో విన్నావని నేను నమ్మను.

సమం చేసే పద్ధతి చెప్తా, రేపే చెయ్యి. ఒక స్టీరియో జాకు కొని దానికి రెండు తీగలు అంటించు. హెడ్‌ఫోనుతో పాటే అదీ తగిలేలా ఒక స్ప్లిటరు పెట్టు. ల్యాప్‌టాపులో 50 హెర్ట్జుల టోను వాయించి మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి కొలువు. వెయ్యి హెర్ట్జులు పెట్టకు, మనబోటి వాళ్ళ దగ్గరుండే చవక మీటర్లు కరెంటు కొలవడానికి చేసినవి, 50 దగ్గరే నిజం చెప్తాయి. డాంగిల్ మీద, చెప్పుకోవడానికి, 300 మిల్లీవోల్టులు వచ్చిందనుకో. డాక్ నాబ్ తిప్పి దాని మీదా 300 తీసుకురా. మూడు మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే పరవాలేదు. నూటికి ఒకటి తేడా అంటే డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. అప్పుడు ఏది ఏదో నీకు తెలియకుండా మా అమ్మాయి చేత మార్పించుకుని విను.

నేను చేశా. బాలమురళి పాడిన రామదాసు కీర్తనల మీద చేశా. ఆ రికార్డులు నాకు కంఠతా. రామదాసుది మన జిల్లా నేలకొండపల్లే కదా, ఆ మాత్రం హక్కుంది నాకు. ఇరవైసార్లు మార్పించుకుంటే నేను సరిగ్గా చెప్పింది పదకొండుసార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. అలాగని నీ డబ్బులు వృథా అనట్లేదు. అవి దేనికి పోశావో తెలుసుకుని వాడుకోమంటున్నా. నా లెక్కన నువ్వు డబ్బు పోసింది సత్తువకీ, ఆ మెనూలో ఉన్న పనిముట్లకీ. సౌండు రంగు మార్చేది హెడ్‌ఫోను.

సత్తువ సంగతి. నీ పెద్ద హెడ్‌ఫోను 300 ఓములన్నావు. చెవిలో దూర్చుకునేది 32 అన్నావు. వోల్టుని వోల్టుతో గుణించి ఓములతో భాగించు. రెండు వోల్టులిస్తే 32 ఓములది 125 మిల్లీవాట్లు తాగుతుంది, 300 ఓములది 13 మాత్రమే. అంటే పెద్దదానికి వోల్టులు కావాలి, చిన్నదానికి నిశ్శబ్దం కావాలి. అందుకే ముందుపక్క రెండు జాకులు పెట్టాడు. చెవిలో దూర్చుకునేది ఎప్పుడూ చిన్న జాకులోనే పెట్టు. దానికోసమే గరగర లేకుండా చేసిన జాకు అది. పెద్ద జాకులో లో పవర్ అంటే సుమారు 1.7 వోల్టులు, హై పవర్ అంటే 10కి కాస్త తక్కువ. మధ్యలో 15 డెసిబెల్స్. ఆటో రెఫ్ లెవెల్ ఆన్ చేస్తే ఆ గేరు అదే మార్చుకుంటుంది. నువ్వు కొత్తగా వాడుతున్నావు కాబట్టి కొన్నాళ్ళు ఆఫ్‌లో ఉంచు. లో పవర్‌లో మొదలుపెట్టు, చాలకపోతేనే హై పవర్‌కి వెళ్ళు. తెరమీద అన్నీ మైనస్ అంకెలే ఉన్నాయని కంగారుపడ్డావట. సున్నా అంటే నిండు కుండ. మైనస్ 30 అంటే నిండుకి 30 డెసిబెల్స్ కింద. నేను రాత్రిపూట మైనస్ 38 దగ్గర వింటా.

ఇక ‘హై పవర్‌లో పగిలిపోతోంది’ అన్నావే, దానికి నా పాత కథే జవాబు. భద్రాచలం కల్యాణం రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానంగా వచ్చేది కదా. మాకు బెజవాడ స్టేషను, 837 కిలోహెర్ట్జులు, మీడియం వేవు. వీధి వీధంతా వినాలని రేడియో ఇయర్‌ఫోను జాకులోంచి వైరు లాగి నా ఆంప్లిఫయరు ఆక్స్‌లో పెట్టేవాణ్ణి. మొదటేడు రేడియోని ఫుల్లు తిప్పి ఆంప్లిఫయరు కొద్దిగా తెరిచా. జీలకర్ర బెల్లం వేళకి వ్యాఖ్యాత గొంతు చింపిన తాటాకు అయింది. ఆంప్లిఫయరు ఏం తప్పు చేసిందనీ తిట్టాను, పాపం. చిరిగింది రేడియోలోనే. చిరిగినదాన్ని అది నమ్మకంగా పెద్దది చేసింది. మరుసటేడు రేడియో సగానికి తగ్గించి, ఆంప్లిఫయరు పెంచా. కల్యాణం నున్నగా వచ్చింది.

నీ ల్యాప్‌టాపులో ఎక్కడో అలాంటి రేడియో ఉంది. చూడు, ప్లేయరులో ఈక్వలైజరు ఉందా? బేస్ ఆరు డెసిబెల్స్ పెంచి ఊరుకున్నావా? అంకెల సౌండుకి సున్నా పైన చోటు లేదు. పాటలు ముందే సున్నా దాకా నింపి వస్తున్నాయి, ఈ మధ్య రీమాస్టర్ చేసినవైతే మరీను. ఆరు పెంచితే ఆరు ముందే తగ్గించాలి, లేకపోతే కొన తెగుతుంది. ఆ ఈక్వలైజరు తీసెయ్. ల్యాప్‌టాపు వాల్యూము నిండుగా పెట్టి, తగ్గించడం పెంచడం అంతా డాక్ నాబ్ మీదే చెయ్యి. ఈక్వలైజరు కావాలంటే డాక్‌లోనే ఐదు బ్యాండ్లది ఉంది.

విండోస్‌లో ఇంకో మెలిక. అది అన్ని సౌండ్లనీ కలిపి తనకు నచ్చిన రేటుకి మార్చి పంపుతుంది. ప్లేయరులో ఏఎస్ఐఓ గానీ వాసాపీ ఎక్స్‌క్లూజివ్ గానీ ఎంచుకో. రేటు మారడం కన్నా నాకు దానివల్ల దొరికిన సుఖం వేరు. చీకట్లో కళ్ళు మూసుకుని వింటూ ఉండగా వాట్సాప్ ‘టింగ్’ మని చెవిలో మేకు కొట్టదు. అన్నట్టు ఆ పెట్టె తయారుచేసినవాళ్ళు బిట్ టెస్ట్ అని కొన్ని ఫైళ్ళు ఇస్తారు. వాటిని వాయిస్తే, పంపిన ప్రతి అంకె చెక్కుచెదరకుండా చేరితే డాక్ తన తెర మీదే పాస్ అని రాస్తుంది. ఒక్కసారి చూసుకుంటే చాలు, ఇక యూఎస్‌బీ వైరు ఖరీదైనదా కాదా అన్న బెంగ ఉండదు. నాది ప్రింటరు వైరు.

ఓముల దగ్గర నేనూ బోల్తా పడ్డా. మైకు సెట్టు లెక్క వేరు. హారన్ యూనిట్లు 16 ఓములవి రెండు పక్కపక్కన కలిపితే 8, ఆంప్లిఫయరు వెనక 8 ఓముల టెర్మినల్‌కే కట్టాలి, తప్పితే ట్రాన్సిస్టర్లు కాల్తాయి. ముప్పై ఏళ్ళు అదే చేశా కాబట్టి, 300 ఓముల హెడ్‌ఫోనుకి 300 ఓముల ఆంప్లిఫయరు ఉండాలనుకున్నా. కాదు. ఇక్కడ ఆంప్లిఫయరు ఓములు ఎంత తక్కువుంటే అంత మంచిది. ఎనిమిదో వంతుకి మించకూడదంటారు, ఈ డాక్‌ది దాదాపు సున్నాయే. ఎందుకంటే 300 అని రాసిన హెడ్‌ఫోను అన్నిచోట్లా 300 ఉండదు. వంద హెర్ట్జుల చుట్టుపక్కల సుమారు 500కి లేస్తుంది. ఆంప్లిఫయరు ఓములు ఎక్కువుంటే ఆ లేచినచోట సౌండు ఉబ్బుతుంది. దాన్నే కొందరు ‘వెచ్చటి బేస్’ అని మురిసిపోతారు. వాళ్ళ మురిపెం వాళ్ళది.

కరెంటు విషయం మాత్రం జాగ్రత్తగా చదువు. 1980ల చివర్లో ఒకాయన అమెరికా నుంచి టేపు డెక్కు తెచ్చి నా కొట్లో పెట్టాడు. వెనక ఏం రాసుందో చూడకుండా గోడకి పెట్టా. 110 వోల్టుల సరుకు. మూడు లెక్కపెట్టేలోపు కాలిన వార్నిషు వాసన. ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంది. మన డాక్‌ది బయటి అడాప్టరు, 100 నుంచి 240 దాకా ఏదైనా తింటుంది, భయం లేదు. కానీ నీ స్నేహితుడు తెస్తానన్న ఆంప్లిఫయరుకి వెనక 115, 230 అని ఎర్రటి స్విచ్ ఉండొచ్చు. ప్లగ్గు ముట్టుకునే ముందు అది చూడు.

స్పీకర్లు కూడా పెట్టాక బుయ్‌మంటోందన్నావు. ఒక్క హెడ్‌ఫోనుతో రాకుండా స్పీకర్ల ఆంప్లిఫయరు కలిపితేనే వస్తోందంటే అది డాక్ జబ్బు కాదు, ఎర్తుది. ల్యాప్‌టాపు చార్జరు పీకి చూడు. ఆగిపోతే దొంగ దొరికినట్టే. అన్నీ ఒకే బోర్డులోంచి తీసుకో. ఎవడో ‘ఎర్తు పిన్ను కోసెయ్, హమ్మింగు పోతుంది’ అంటాడు. పోతుంది. నేనూ కోశా ఒకసారి. వాన పడిన రాత్రి, కార్తీక భజన. పాడుతున్నాయన పెదవి మైకుకి తగిలి వెనక్కి పడ్డాడు. బతికాడు. ఆ మర్నాడే కొట్టు వెనక గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించా. ఎండాకాలంలో ఇప్పటికీ వారానికో బిందె నీళ్ళు పోస్తా. మీ అపార్టుమెంటులో ఎర్తు పని చేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించుకో.

ఫిల్టరు ఏది పెట్టాలన్నావు. వచ్చినప్పుడు ఏదుంటే అది ఉంచు. స్లో పెడితే పై కొసన కాస్త ముందుగా వాలుతుంది, అంతే. ఇరవై వేల హెర్ట్జుల దగ్గర జరిగే ఆ గొడవలో నాకు వాటా లేదు, నా చెవులు పదివేల దగ్గరే ఆగిపోయాయి. నీకూ నాకూ పెట్టె పేరు ఒకటే అయినా లోపలి చిప్పు వేరై ఉంటుంది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో అసాహీ కసే వాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీ తగలబడింది. వాళ్ళ చిప్పులు దొరక్క ఆర్‌ఎంఈ ఆ తరవాత ఈఎస్ఎస్ చిప్పుకి మారింది. పాతదే తియ్యగా ఉందని నిన్నెవరైనా ఏడిపిస్తే మల్టీమీటరు కథ చెప్పు.

హై-రెస్ ఫైళ్ళ మీద కూడా అంత మోజు పెట్టుకోకు. 1982లో సీడీ వచ్చినప్పుడు పెట్టిన 16 బిట్లు, సెకనుకి 44,100 కొలతలు మన పాత పాటలకి పుష్కలం. 16 బిట్లంటే 96 డెసిబెల్స్ చోటు. ఆ కాలపు టేపు సొద అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది. ఎక్కడో ఎంపీ3ని సాగదీసి 24 బిట్లని పేరుపెట్టి అమ్మేవాళ్ళున్నారు. బావిలో లేని నీళ్ళు చేదలోకి ఎక్కడివి? ఘంటసాల పాటలు చాలావరకు మోనోవే. రెండు చెవుల్లో ఒకటే వినపడుతోందని డాక్ బాగుచేయించకు. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల పాటల్లో గొంతు ఒక చెవిలో, వయొలిన్లు ఇంకో చెవిలో ఉంటాయి చూడు, వాటికి మాత్రం క్రాస్‌ఫీడ్ పెట్టు. రెండోదో మూడోదో చాలు, తలనొప్పి తగ్గుతుంది.

నాకు ఆ పెట్టెలో అన్నిటికన్నా నచ్చింది లౌడ్‌నెస్. సౌండు తగ్గించే కొద్దీ చెవికి మొదట బేస్ ఎగిరిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. మనవాళ్ళు దానికి మందుగా సౌండు పెంచుతారు. ఇందులో నువ్వు నాబ్ తగ్గించేకొద్దీ అదే బేసు, ట్రెబుల్ కొద్దికొద్దిగా కలుపుతుంది. పెంచితే తీసేస్తుంది. నీకు అతి తక్కువ సౌండు ఏదో అది లో వాల్యూం రెఫ్‌లో పెట్టుకో. అక్కణ్ణుంచి 20 డెసిబెల్స్ పైకి వచ్చేసరికి కలిపింది మొత్తం పోతుంది. నాది బేస్ 6, ట్రెబుల్ 4. అర్ధరాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, మైనస్ 38 దగ్గర, మృదంగం తొప్పి వైపు దెబ్బ కూడా పూర్తిగా వినపడుతుంది.

ఆ ఐదు బ్యాండ్ల ఈక్వలైజరులో డ్యుయల్ అని ఉంటుంది. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి విడివిడిగా పెట్టుకోవచ్చు. నీకు అక్కర్లేదు. నాకు ఎడమ చెవిలో నాలుగువేల హెర్ట్జుల చుట్టూ గొయ్యి పడింది, ఖమ్మంలో డాక్టరు గీసిచ్చిన కాగితం మీద స్పష్టంగా ఉంది. ఎనిమిది హారన్ల కింద స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఏళ్ళ ఫలితం అది. మూడు డెసిబెల్స్ పెంచుకున్నా, అంతకన్నా పెంచితే హోరు లేస్తోంది. పోయిందాన్ని ఏ పెట్టే తేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి వెళితే 4 గంటలే. హై పవర్‌లో 90 దాటడానికి నాబ్ మీద రెండు వేళ్ళు చాలు, నీకు తెలియను కూడా తెలియదు. పెట్టుకునే ముందు నాబ్ కిందికి తిప్పు, పెట్టుకున్నాక పెంచు. మా అమ్మాయికి ఇస్తే దానికి కూడా ఇదే అలవాటు చెయ్యి.

స్టేషను వైపు మళ్ళీ బండి కూత వినపడుతోంది. ఇక ఆపుతా. వచ్చే నవమికి జమలాపురం దర్శనానికి వస్తామని మీ అమ్మతో అన్నావట. వచ్చేటప్పుడు నీ డాక్ ఇంట్లోనే ఉంచి, పాత డాంగిల్ మాత్రం తీసుకురా. నాది ఉంది, మల్టీమీటరూ ఉంది. ఇరవైసార్లు మార్చడానికి మీ అత్తయ్యని ఇప్పటికే ఒప్పించా.

ఇట్లు,
మీ మామయ్య